ఆనకట్టల సెక్రటరీ గారు

ప్రతి కాలనీకీ ఒక సెక్రటరీ గారు ఉంటారు. ఆయన్ని ఎప్పుడు ఎన్నుకున్నారో ఎవరికీ గుర్తుండదు, దిగిపోగా చూసినవాళ్లూ లేరు. మా సెక్రటరీ గారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నీళ్లకు అడ్డం కట్టారు. ఇప్పుడు బండ్లకు కడుతున్నారు.

మాది కూకట్‌పల్లి వైపు. పొద్దున ఎనిమిదిన్నర దాటిందంటే హైటెక్ సిటీకి పోవాల్సిన కార్లన్నీ జేఎన్‌టీయూ దగ్గర సిగ్నల్లో ఇరుక్కుంటాయి. అప్పుడు ఫోనులో గూగుల్ మ్యాప్స్ తల్లి కరుణించి కుడివైపు తిరగమంటుంది, నాలుగు నిమిషాలు కలిసొస్తాయంటుంది. ఆ కుడివైపున మేమున్నాం. ముప్పై అడుగుల వీధి. ముగ్గేస్తున్న ఇల్లాలు, స్కూలు ఆటో కోసం నిలబడ్డ పిల్లలు, ఆకుకూరల బండి. వీళ్ల మధ్యలోంచి ఒక్కొక్కడూ హారన్ మీద చెయ్యి తియ్యకుండా దూసుకుపోతాడు. కాబట్టి సెక్రటరీ గారి కోపం న్యాయమైనదే. నేను నవ్వేది ఆయన వైద్యానికి.

ముందు సర్వే చేశారు. రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిస్తే 30 మీటర్లు తేలింది. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకున్నారు. ఆ దూరం మూడు సెకన్లలో దాటితే గంటకు 36 కిలోమీటర్లు, రెండు సెకన్లలో దాటితే 54. పద్ధతిలో తప్పేమీ లేదు. నోటుబుక్కులో బండి నంబరు, వేగం, మూడో గడిలో ఎర్రసిరాతో "బయటివాడు". తిట్టాల్సినవాళ్లంతా బయటివాళ్లే కావాలని ఆయన ముందే తీర్మానించుకున్నారు. సొంత అల్లుడి బుల్లెట్ 54 మీద వెళ్లిన రోజు మాత్రం ఆ గడిలో "అత్యవసరం" అని నల్లసిరాతో పడింది.

ఆ పుస్తకం చేతబట్టుకుని జనరల్ బాడీ పెట్టారు. స్పీడ్ బ్రేకర్ కావాలని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎవరింటి ముందు అన్న ప్రశ్న దగ్గర మాత్రం కాఫీ రెండుసార్లు తిరిగింది. ఒకాయనకు రాత్రి టాంకర్ ఎగిరిపడితే గోడలు అదురుతాయని భయం. ఇంకొకాయనకు గేటు ముందు బ్రేకు చప్పుడు పడదు. ఇంతలో వాస్తు వచ్చింది. పడమటి వాకిలి ఆయన, తన స్థలానికి నైరుతి మూల మెరక శ్రేష్ఠమని, అక్కడ కడితే అభ్యంతరం లేదని ఎంతో ఉదారంగా ఒప్పుకున్నాడు. అదే గీత అవతలి వరసకు చేరేసరికి తూర్పు వాకిలి ఆయనకు ఈశాన్యమైంది. "ఈశాన్యంలో మెరకా? నా కొంప ముంచుతారా?" అని ఆయన లేచాడు. చివరికి నోరెత్తనిది ఖాళీ ప్లాటు ఒక్కటేనని తేలింది. దాని ఓనరు డాలస్‌లో ఉంటాడు. ఆ అర్ధరాత్రే అక్కణ్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, ఇల్లు లేకపోయినా ఈశాన్యం ఉంటుందని.

అయినా కట్టారు. ఇక్కడో మాట చెప్పాలి. బంపు చిన్న విద్యేమీ కాదు. నోబెల్ బహుమతి అందుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ కాంప్టన్ 1953లో తన విశ్వవిద్యాలయం వీధుల్లో బండ్ల జోరు తగ్గించడానికి స్వయంగా బంపులు డిజైన్ చేశాడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బంపు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. బండి పాతిక కిలోమీటర్ల వేగంతో మెత్తగా ఎక్కి దిగాలన్నది అందులోని ఆలోచన. సెక్రటరీ గారి ఆలోచన వేరు. ఎత్తు చూస్తూ "ఇంకో రెండు తట్టలు వెయ్యి" అంటూనే ఉన్నారు.

"సారూ, ఇంకేస్తే గోడైతది" అన్నాడు మేస్త్రి.

"గోడే కావాలయ్యా నాకు!"

వెడల్పు మూరెడు. పైన తెల్లచారలు వేయిద్దామంటే వద్దన్నారు. కనిపిస్తే ముందే నెమ్మదిస్తారట, కనిపించకపోతేనే బుద్ధొస్తుందట.

మొదట బుద్ధొచ్చింది ఆయన కారుకే. శనివారం గుడికి బయల్దేరితే అడుగుభాగం కర్రుమని గీసుకుంది. అప్పటినుంచి బంపు రాగానే వాళ్లావిడ కొబ్బరికాయ సంచీతో దిగుతుంది, బరువు తగ్గిన కారు మూలుగుతూ దాటుతుంది, ఆవిడ మళ్లీ ఎక్కుతుంది. వీధికి మూడు బంపులయ్యాక ఒక శనివారం ఆవిడ దిగింది గానీ ఎక్కలేదు. గుడికి ఆయనకంటే ముందే చేరింది.

ప్రవాహానికి అడ్డం వేస్తే పల్లం వెతుక్కుంటుందని నీటిపారుదల ఇంజనీరుకు ఎవరు చెప్పాలి? కార్లు నాలుగో వీధికి మళ్లాయి. నాలుగో వీధివాళ్లు కట్టారు. ఐదో వీధికి మళ్లాయి. అక్కడా లేచింది. జోరు మాత్రం చావలేదు. రెండు బంపుల మధ్య పోయిన టైమంతా రాబట్టుకుంటూ కుర్రాళ్లు గేర్లు మార్చి మరీ ఉరికిస్తున్నారు.

నిజంగా పనిచేసిన మందులు మా వీధిలో వేరే ఉన్నాయి. ఇల్లు కడుతున్న ఆయన రోడ్డు మీద పోయించిన ఇసుక కుప్ప, పెళ్లివారి షామియానా, వినాయక చవితి పందిరి. దారి సన్నబడి, వంకర తిరిగితే ఎంతటి వీరుడైనా రెండో గేరుకు దిగుతాడు. హాలండులోని డెల్ఫ్ట్‌లో 1970ల్లో వీధుల్లోకి చెట్లూ బెంచీలూ తెచ్చి ఈ పనే పద్ధతిగా చేశారు. మేము పద్ధతి లేకుండా చేస్తున్నాం. నవరాత్రులకు పందిరి లేచినన్నాళ్లూ పిల్లలు నడివీధిలో క్రికెట్ ఆడారు. నిమజ్జనం కాగానే సెక్రటరీ గారు చేసిన మొదటి పని, రోడ్డుకు అడ్డమని ఆ గుంజలు పీకించడం.

తర్వాత గేటు పెట్టించారు. పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మూత. "ఎవరింటికి?" అని వాచ్‌మన్ అడుగుతాడు. ప్లాట్లు కొన్నది మన డబ్బుతో, కాబట్టి రోడ్లు మనవే అన్నది ఆయన వాదన. మున్సిపాలిటీకి అనుమతి కోసం పొడుగాటి ఉత్తరం రాశారు. జవాబు రాలేదు. గేటు మాత్రం ఉండిపోయింది.

కొన్నాళ్లకు పక్క కాలనీవాళ్లూ గేటు వేశారు. అది సెక్రటరీ గారు రైతుబజారుకు పోయే అడ్డదారి. వంకాయల సంచీతో మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగొచ్చిన రోజు ఆయనలోని పౌరుడు మేల్కొన్నాడు. లేఅవుట్ మంజూరైనప్పుడే రోడ్లు మున్సిపాలిటీకి అప్పగిస్తారని, అవి ప్రజలవని, గేటు వేసి అడ్డగించే హక్కు ఎవడబ్బకూ లేదని అప్పటికప్పుడు ఫిర్యాదు రాయడానికి కూర్చున్నారు. మొదటినుంచీ టైపు చేయడం దేనికని పాత ఉత్తరాన్నే తెరిచి, వాదనలు తిరగేసి, పైన విషయం మార్చారు. లోపల గేటున్న చోటు చిరునామా మార్చడం మరిచారు.

ఈసారి మున్సిపాలిటీ చురుగ్గా కదిలింది. లారీ వచ్చింది, గ్యాస్ కట్టర్‌తో మా గేటు కోసింది, ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కారమైందని సెక్రటరీ గారి చేతే సంతకం పెట్టించుకుని వెళ్లింది.