తూకంలో నిలిచిన కుక్కర్

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. అల్యూమినియం బిళ్లను అచ్చులో పెట్టి నొక్కారు, పిడి బిగించారు, మూతకు రబ్బరు తొడిగారు. మూడు లీటర్ల కుక్కర్‌నయ్యాను. వంశం మాత్రం పాతది. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన లండన్‌లో ఎముకలు సైతం మెత్తబడే ఆవిరి పాత్ర ఒకటి చేశాడు. అది పేలకుండా ఒక కవాటమూ పెట్టాడు. నా నెత్తినెక్కి ఈల వేసేది దాని సంతతే. మామూలు గిన్నెలో నీళ్ల వేడి వంద డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. నా లోపల 120 దాకా పోతుంది. కందిపప్పును అడగండి, చెబుతుంది.

హనుమకొండలో ఒకావిడ నన్ను కొన్నది. వాళ్ల అబ్బాయి ఎమ్మెస్ చదవడానికి టెక్సాస్‌లోని డెంటన్ పోతున్నాడు. వీసా వచ్చింది, చిలుకూరు గుళ్లో మొక్కుకున్న 108 ప్రదక్షిణలూ అయ్యాయి. ఇక మిగిలింది సర్దుడే.

"అక్కడ కుక్కర్లు దొర్కయా?" అన్నాడు తండ్రి.

"దొర్కుతయ్, డాలర్లల్ల," అన్నదావిడ.

కరెంటు రైస్ కుక్కర్ కూడా పోటీకొచ్చింది. కానీ అమెరికాలో కరెంటు 120 వోల్టులేనట. మన 230కి అలవాటు పడ్డదానికి అక్కడ అన్నం ఉడికించే శక్తి చాలదు. దాన్ని అటకెక్కించారు. నేను లోలోపల నవ్వుకున్నాను.

పెట్టెలు రెండు, ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. తండ్రి పెట్టెను ఎత్తుకుని కాటా మీద నిలబడేవాడు, తన బరువు తీసేసి లెక్క చెప్పేవాడు. ఎప్పుడు చూసినా కిలోన్నర ఎక్కువే. ఒక జీన్స్ బయటికి, ఒక పుస్తకం బయటికి. నన్ను తీసేద్దామన్న మాట వచ్చినప్పుడల్లా ఆవిడ నా కడుపులో ఇంకేదో కుక్కేది: కారప్పొడి, పసుపు, ఇంగువ, చింతపండు ఉండ. ఖాళీగా ఉంటే కదా తీసేది! నా విజిల్‌ను కొత్త సాక్సులో చుట్టి అబ్బాయి బూట్లో దాచింది. నాలో నీళ్లెన్ని పోయాలో, మూత ఎప్పుడు తీయాలో మాత్రం ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. అది చెప్పే పది నిమిషాలకు బరువేమీ లేదు, ఏ పెట్టెలోనైనా పట్టేది.

షికాగోలో కస్టమ్స్ వాళ్లు మటన్ పచ్చడిని చెత్తబుట్టలో వేశారు, మాంసం రానివ్వరట. ఆవకాయ బతికిపోయింది. డాలస్ విమానం ఎక్కించేముందు ఎవరో పెట్టె విప్పి, నన్ను తడిమి, తనిఖీ చేశామని చీటీ పెట్టి పోయారు. లోహపు గిన్నె నిండా పొడుల పొట్లాలుంటే ఎవరికైనా అనుమానమే మరి.

డెంటన్ గదిలో నలుగురు పిల్లలు. మొదటిసారే నీళ్లు తక్కువ పోసి పప్పు మాడ్చారు. పొగకు అలారం మోగింది. నలుగురూ తువ్వాళ్లు ఊపుతూ దాని కింద నిలబడ్డారే గానీ, నన్ను దించాలని ఒక్కడికీ తోచలేదు. సింకులో ఆ మాడుతోనే రోజుల తరబడి నానాను. కడగడం ఎవరి వంతో తేలలేదు. తర్వాత ఒకడు నా రబ్బరును తీసి, ఆర్పినా చల్లారని కాయిల్ పొయ్యి మీద పెట్టాడు. అది కరిగి అంటుకుపోయింది. ఇండియన్ స్టోర్‌లో అడిగితే ఐదు లీటర్ల సైజే ఉందన్నారు. మళ్లీ ఎవరూ అడగలేదు. రబ్బరు లేని కుక్కర్ అంటే మూతున్న గిన్నె, అంతే.

ఆ వారమే బటన్ నొక్కితే వండే ఎలక్ట్రిక్ కుక్కర్ వచ్చింది, 120 వోల్టులదే. అటకెక్కినదాని చుట్టం నా చోట కూర్చుంది. నాకు కొత్త ఉద్యోగమిచ్చారు: బట్టలుతికే మిషన్‌లో వేసే క్వార్టర్ నాణేలు దాచడం. 120 డిగ్రీల ఆవిరిని అదిమిపట్టిన నేను చిల్లర కాపలా కాస్తున్నాను. విజిల్ ఏ సాక్సులో పోయిందో ఎవరికీ తెలియదు, వెతికినవాళ్లూ లేరు.

మొన్న మావాడి చిన్నమ్మ కొడుక్కి వీసా వచ్చిందట. ఏమేం తెచ్చుకోవాలో మావాడు ఫోన్‌లో చెబుతున్నాడు. యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 కాగితం, పాస్‌పోర్టు చేతి సంచిలోనే పెట్టుకోమన్నాడు. ఆ తర్వాత నాణేల కోసం నాలో చెయ్యి పెట్టి గలగలా కెలుకుతూ, "అరే, కుక్కర్ మాత్రం మర్చిపోకురా, మూడు లీటర్లది," అన్నాడు. రబ్బర్లు రెండు తెచ్చుకొమ్మని మాత్రం అనలేదు.