ఉద్దెర పుస్తకాల సేటు

ఇటిక్యాలలో ఎరువుల దుకాణం నడుపుకునే సేటు దగ్గర రెండు ఖాతా పుస్తకాలుంటాయి. ఎర్ర అట్టదాంట్లో యూరియా, డీఏపీ, పురుగుమందుల ఉద్దెర. నీలం అట్టదాంట్లో కథల పుస్తకాల ఉద్దెర. మొదటిదాంట్లో రెండేళ్ల బాకీ ఉన్న రైతు ఎదురుపడినా సేటు నవ్వి పక్కకు తప్పుకుంటాడు. రెండోదాంట్లో పేరున్నవాడు కనబడితే మాత్రం బండికి అడ్డం తిరుగుతాడు. “యాడిదాంక వచ్చినవ్?” అనేదే ప్రశ్న. ఫోనులో ఈ మాట విని “ఎర్రవల్లి చౌరస్తా దాటిన సేటూ” అని చెప్పే అమాయకులూ ఉన్నారు. ఆయన అడుగుతున్నది పేజీ నంబరు.

ఈ జాతి మనిషి మండలానికి ఒకడైనా ఉంటాడు. పుస్తకాలను అద్దాల బీరువాలో పెట్టి తాళం చెవి మొలతాడుకు కట్టుకునేవాడు వేరే రకం; వాడితో ఊరికి ప్రమాదం లేదు. సేటు రకానికి తాను చదివింది ఇంకొకరు చదివేదాకా అన్నం సయించదు. చదివినవాడు ఊరికే బాగుందంటే సరిపోదు. ఎక్కడ బాగుంది, ఎందుకు బాగుంది, మాంత్రికుడు గుహలోకి దిగినప్పుడు గుండె దడదడలాడిందా లేదా, అన్నిటికీ జవాబు కావాలి. ఉద్దెరకు వచ్చిన రైతు కాదనలేడు కాబట్టి యూరియా బస్తా మీద ఒక పుస్తకం కూడా ఎక్కించి పంపుతాడు. ప్రభుత్వం నిషేధించిన లింకు అమ్మకం ఇదేనని ఒక వ్యవసాయాధికారి నవ్వాడట. ఆయన పేరు కూడా ఇప్పుడు నీలం ఖాతాలో ఉంది.

సేటు సరుకు చూడాల్సిందే. పాత ‘చందమామ’ల్లోంచి సీరియల్ పేజీలు మాత్రం విడదీసి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టిన కట్టలవి. కుట్టడానికి ఎరువుల సంచి మూతి విప్పగా వచ్చిన దారం, అట్టకు అదే సంచి ముక్క. ‘రాకాసిలోయ’ అట్ట మీద నత్రజని ఎంత శాతమో అచ్చయి ఉంటుంది. కట్ట విప్పితే పాత కాగితం వాసనకన్నా ముందు మందు వాసన కొడుతుంది. అందుకే ఆ పుస్తకాలకు చెదలు పట్టవని సేటు గర్వం.

చందమామ సీరియళ్లు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరెత్తితే దుకాణంలో తూకం ఆగిపోతుంది. సెలవులకు వచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడు ఒకడు, టోల్కీన్ చదివానని, అలాంటి లోకాలు మన భాషలో లేవని నోరు జారాడు. సేటు చేతిలోని కాటా రాయి కింద పెట్టాడు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం అచ్చయింది 1954లో. దాసరి ‘తోకచుక్క’ చందమామలో మొదలైందీ 1954లోనే. “ఆడ ఆయన రాస్తున్నప్పుడు ఈడ మనాయన రాస్తలేడా తమ్మీ?” అని అడిగి, చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో సహా ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ మూడు కట్టలూ కుర్రాడి ఒళ్లో పెట్టాడు. రెండూ ఒక ఏడాదివైనంత మాత్రాన ఒక తూకంవి కావని వాదించవచ్చు. ఆ వాదన పెట్టుకుంటే సాయంత్రం బస్సు పోతుంది. కుర్రాడు తెలివైనవాడు, కట్టలు తీసుకొని వెళ్లాడు.

అసలు ఆపద ‘కళాపూర్ణోదయం’తో వస్తుంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ఈ పద్యకావ్యం రాశాడు. దీన్ని నవలలాగా చదువుకోవచ్చని పండితులే అన్నారు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఇంగ్లీషులోకి తెస్తే 2002లో అమెరికాలో అచ్చయింది. సేటు ఈ సంగతి అమెరికాలో తన మేనల్లుడి ఇల్లున్నంత ధీమాగా చెబుతాడు. కథ మాత్రం చెప్పనలవి కాదు. కలభాషిణి రంభ వేషం వేస్తుంది, మణికంధరుడు నలకూబరుడి వేషం వేస్తాడు, అంతలో అసలు రంభా నలకూబరులు దిగుతారు. బ్రహ్మ ఏకాంతంలో సరస్వతికి చెప్పిన కథ ఒక చిలక చెవిన పడుతుంది, ఆ కథలో ఉన్నదే తర్వాత నిజంగా జరుగుతుంది. ఇదంతా అర్థం కావడానికి సేటు దుకాణం షట్టరు దించి, దాని మీద సుద్దముక్కతో గీతలు గీస్తాడు. ఇద్దరు రంభలు, ఇద్దరు నలకూబరులు, మధ్యలో చిలక. డీలర్‌షిప్ తనిఖీకి వచ్చినవాళ్లు ఆ షట్టరు చూసి, స్టాకు ఎక్కడెక్కడ దాచాడో లెక్క వేసుకున్నాడనుకున్నారు.

ఇంత చదివిన మనిషి ఒక్క చోట అబద్ధమాడతాడు, అదీ ఊరి మీది ప్రేమకొద్దీ. సురవరం ప్రతాపరెడ్డి “మా ఊరాయనే” అంటాడు. సురవరం వారిది ఇటిక్యాలపాడు, పుట్టింది బోరవెల్లిలో. రెండూ ఇదే గద్వాల జిల్లావే గాని, ఇటిక్యాల మాత్రం కాదు. ఎవరైనా సరిదిద్దితే “పాడు తీసేస్తే మనదే గద” అని దబాయిస్తాడు.

గద్వాల గ్రంథాలయంలో గ్రూపు పరీక్షలకు చదివే పిల్లల మీద ఈ పేరే ఎరగా వేశాడు. 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టిందెవరు, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’లో ఎంతమంది కవులున్నారు, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతి ఎప్పుడొచ్చింది, ఇవన్నీ అడుగుతారని చెప్పి ‘సాంఘిక చరిత్ర’ను బల్ల మీద పెట్టాడు. ‘శుకసప్తతి’ కథల్లోంచి, ‘ఆముక్తమాల్యద’లోంచి మన తాతముత్తాతల తిండీ బట్టా ఆటా పాటా ఏరి తీసిన పుస్తకమది, కథల పిచ్చోడికి అంతకు మించిన విందు లేదు. పిల్లలు మర్యాదగానే విన్నారు. 354 అని, 1955 అని రాసుకున్నారు. పుస్తకం వెనక్కి తోసి, “సార్, ఇంకేమన్న బిట్లున్నయా?” అన్నారు.

ఈ గడ్డ మీద వినేవాడే డబ్బిచ్చిన కాలం ఉండేది. గద్వాల ప్రభువులు పండిత సభలు జరిపి కవులకు వార్షికాలిచ్చేవారు. తిరుపతి వేంకట కవులంతటివాళ్లు ఇక్కడికి వచ్చి అవధానం చేసి సత్కారాలు పొంది పోయారు. తర్వాత 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి తానే పుస్తకాలు మోసుకొని ఊరూరా అమ్మాడు. 1953లో అలంపురంలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు జరిగితే కాళోజీ ‘నా గొడవ’ను శ్రీశ్రీ ఆవిష్కరించింది అక్కడే. సేటు ఈ వరసలో తన పేరు ఎక్కడ వస్తుందో లెక్క వేసుకుంటూ ఉంటాడు. రాజులు విని డబ్బిచ్చారు, ఆళ్వారుస్వామి అమ్మి డబ్బు తీసుకున్నాడు. వినిపించడానికి చాయ్‌లు తాపించి డబ్బు పోగొట్టుకున్న మొదటివాడు తానేనని తేలింది.

పుస్తకాలు తిరిగి వచ్చే తీరు వేరే సాహిత్యం. పెద్దమనిషి తిరగేసిన పుస్తకంలో మొదటి ఇరవై పేజీలు నలిగి, మిగిలినవి కొత్తగా ఉంటాయి. ఇల్లాలు చదివిన పుస్తకానికి పసుపు అంటి ఉంటుంది; సేటు ఆ మరకను పేజీ నంబరుతో సహా నీలం ఖాతాలో జమ వేస్తాడు, అది నిజంగా చదివినదానికి రుజువు గనక. బీచుపల్లి ఆంజనేయస్వామి గుడి దగ్గర పెళ్లికి పోయి ‘కాశీమజిలీ కథలు’ కట్నంగా చదివించాడు. నెల తర్వాత అదే సంపుటం, రంగు కాగితంతో సహా, ఇంకో పెళ్లిలో ఆయన చేతికే రిటర్న్ గిఫ్టుగా వచ్చింది.

కాశీమజిలీల్లో ఒప్పందమే వేరు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు సంపుటాలుగా రాసిన ఆ కథల్లో, కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడు దొరకదు. పశువులు కాసే పిల్లవాడొకడు ఒప్పుకుంటాడు గాని, మజిలీకో కథ చెబితేనే వస్తానని షరతు పెడతాడు. షరతు వినేవాడిది. సేటు ఎన్నిసార్లు చదివినా ఈ సంగతి ఆయన బుర్రకెక్కలేదు, సీడు పత్తి చేలో భార్య చెప్పేదాకా.

ఈ జిల్లాలో చాలామందిలాగే సేటుకూ ఎకరం సీడు పత్తి ఉంది. హైబ్రిడ్ విత్తనం చేయడమంటే చేతి పని. మరునాడు విచ్చుకునే మొగ్గను సాయంత్రం ఎంచి, లోపలి పుప్పొడి తిత్తులు గోటితో గిల్లేయాలి; పొద్దున మగ సాళ్లలోంచి పూలు తెచ్చి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఆ పనిలో చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీయే. నిరుడు సేటు గట్టున నిలబడి ఇద్దరు రంభల కథ ఎత్తుకున్నాడు. చిత్రం, కూలికి వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ తప్పించుకోలేదు. “అసలు రంభెవరో గుర్తువట్టనికి గంత కష్టమేంది సేటూ, అత్త పేరడిగితే బయటవడ్తది” అంది ఒకామె. సూరనకు నాలుగు వందల ఏళ్లుగా ఇంత సూటి విమర్శ వచ్చి ఉండదు.

కథ పాకాన పడేకొద్దీ సాళ్లు వెనకబడ్డాయి. సేటు భార్య వచ్చి చూసింది. “కత సెప్పాల్నంటే సాలు వట్టు, లేకుంటే దుకాణానికి నడువ్” అంది. కూలీలు కూడా ఆమె వైపే. సేటు సాలు పట్టాడు. రంభా నలకూబరుల దాకా బాగానే వచ్చాడు గాని, గిల్లినచోటల్లా మొగ్గ లోపలి కీలం కూడా నలిగి రాలింది. వెనకే వచ్చిన ఆడవాళ్లు తలపట్టుకున్నారు. సాయంత్రం కూలి పంచేటప్పుడు భార్య ఆయనకు సగం కూలి కట్టి, పాడైన మొగ్గలకు అందులో సగం పట్టుకుంది.

చిలక కథ చెప్పకముందే ఆ చేను అయిపోయింది. గుంపు మేస్త్రి మరునాటికి పక్క ఊరి పొలం మాట్లాడుకున్నాడు. ఆడవాళ్లు మిగతా కథ వినందే కదలమన్నారు. సేటు తెల్లవారుజామునే సద్ది డబ్బా పట్టుకొని ట్రాలీ ఆటో ఎక్కాడు. ఆ పొలం రైతు సేటుకు కూలి ఇవ్వాలా, మొగ్గల కింద ముందే డిపాజిట్ పెట్టించుకోవాలా అని ఇంకా తేల్చుకోలేదు.