ఫార్డెల్ టీక

అవతారిక: ఊరు బల్లార్‌పూర్, స్టేషను బల్లార్షా. కనుక పాఠాంతరములు ఇచ్చటివారికి కొత్తగావు. కాగితం మిల్లులో రిటైరైన తాతగారు చాయ్ తాగుచుండగా, బీఏ చదివే మనవరాలు హామ్లెట్ పుస్తకముతో ప్రవేశించుచున్నది.

మూలము: "తాతా, ఈ నాటకంల ఫార్డెల్ అని ఉంది. ఏంది?"

టీక: తాతా = ఓ తాతా! (డిక్షనరీ అటకపై ఉన్నందున తాతను పిలిచెనని కొందరు. ఫోనులో చార్జింగ్ లేదని మా మతము.) నాటకంల = 1603లో తొలిసారి అచ్చయిన షేక్‌స్పియర్ విషాదాంతమందు; 'ల' ఆదిలాబాదు సప్తమి, 'లో' అని దిద్దరాదు. ఫార్డెల్ = మోపు, మూట. ఏంది = ఏమిటి? రేపు పరీక్ష అని ధ్వని.

విశేషము: కాలేజీ నోట్సు 'బరువు' అని ఊరకున్నది. అది చాలదు. బరువు మనసుకూ ఉండును. మోపుకు తాడుండును, మోసినవానికి భుజముపై కాయ ఉండును. ఈ మాట పలికిన రాకుమారుడు ఏనాడూ మోసినవాడు కాడు. తాతగారు వెదురు మోపులు మోసినవారు. ఆ వెదురు గుజ్జై, కాగితమై, ఎక్కడ ఏ పుస్తకమైనదో! అందుచే వారు క్షణమైనా ఆలోచింపక, "మోపు బిడ్డా" అనిరి. 'వింటర్స్ టేల్' నాటకమున గొర్రెలకాపరి చేతిలోనిదియు ఫార్డెలే, కాని అందు రాచబిడ్డ ఆనవాళ్లున్నవి. అది తేలిక మోపు.

ఫార్డెల్ వచ్చిన హామ్లెట్ ప్రసంగముననే బాడ్కిన్ కలదు. నానార్థము: చిన్న బాకు, దబ్బనము. సంపాదకులు బాకు పక్షము. గోనెసంచి కుట్టుచున్న అవ్వ చేతిలోని దబ్బనమెత్తి చూపినది. వాదము అంతటితో ముగిసినది.

ఇక ఆ ప్రసంగములోనిదే క్వయీటస్; అది కష్టము. పూర్వము ఇంగ్లండు ఖజానాలో లెక్క చెల్లినదని రాసెడి లాటిను మాట. రాకుమారుడు చావునే అట్టి రసీదుగా తలచెను. మరణమని నోట్సు. తాతగారు లేచి, ట్రంకుపెట్టె అడుగునుండి ఫైనల్ సెటిల్‌మెంటు కాగితము తీసి, "ఇదిగో" అనిరి.

మెదకు సీమ మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని అను టీక రాసెను. ఆయనకూ ఇట్టి సాక్ష్యము చేతికందలేదేమో.

తాత్పర్యము: ఓ తాతా, నీవు మోసినదేమి? అని అర్థాంతరము కలదు. కాని అమ్మాయి అడిగినది రెండు మార్కులకే.