ఎకరానికి సరిపడా

మా తార్నాకలోనే సుస్థిర వ్యవసాయ కేంద్రం ఉంది. 2004లో పెట్టారు. ఒక్కనాడైనా వెళ్లి ఓ ముక్క అడిగి తెలుసుకున్నానా? యూనివర్సిటీ వాళ్లం కదా, మనం చెప్పాలి గానీ అడగడమేంటి!

ఉస్మానియా క్యాంపస్‌లో ఎక్కడ మైకు దొరికినా నా పాట ఒకటే. నేలలో సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే పేదనేల కిందే లెక్క, మన ఎర్ర చల్కలు చాలామటుకు ఆ బాపతే. కర్బనం పెరిగితే మట్టి తేమను పట్టి ఉంచుతుంది, వాన మధ్యలో మొహం చాటేసినా పైరు కొన్నాళ్లు ఓర్చుకుంటుంది. జనగామ వైపు ఏనబావి ఊరివాళ్లు 2006లోనే రసాయనాలకు దణ్ణం పెట్టేశారు. అన్నీ నిజాలే, చెప్పేవాడే డొల్ల. ఓ కుర్రాడు లేచి, "మీరెప్పుడైనా చేశారా సార్?" అన్నాడు. "ఆదివారం మా ఇంటికి రండి!" అనేశా.

వాళ్లకు చూపించడానికి మట్టికి పోసే జీవామృతం కలపడం మొదలెట్టా. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవుపేడ, ఆవుమూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి. ఆ కొలత ఎకరానికి. నాకున్నవి డాబా మీద కుండీలు. తగ్గించి కలపొచ్చుగా అంటారా? చిన్న బకెట్టు చూపిస్తే పరువేం దక్కుతుంది! గోనెపట్టా కప్పి రెండు పూటలా కలియబెట్టాలని రాసుంది. వాసన బయటికి రాకూడదని నేను డ్రమ్ముకు మూతేసి క్లాంపు బిగించా. మే నెల ఎండ.

ఆదివారం పిల్లలొచ్చారు, మూత గుమ్మటంలా ఉబ్బింది, "సూక్ష్మజీవుల చైతన్యం!" అన్నా, వాచ్‌మన్ "ఆగుండ్రి సార్" అంటున్నాడు, నేనాగితేగా, క్లాంపు లాగేశా, ఢామ్మంది, నురగ నా మొహం మీద, జుబ్బా మీద, తీగ మీది అసోసియేషన్ ప్రెసిడెంటుగారి తెల్ల లాల్చీల మీద!

నలుగురిలో గొప్పలు పోదామని మీరూ ఎప్పుడో ఏదో మూత తీసే ఉంటారు, ఒప్పుకోండి.

వాచ్‌మన్‌ది పాలమూరు. కుండీలో వేలు పెట్టి చూసి, "ఆకు అలము లేని ఒట్టి మన్నుకు ఇది పోస్తే ఏమొస్తది సార్? పురుగూ బూసీ ఏం తినాలె?" అన్నాడు. నిజమే. మరి రోజూ రాలిన వేపాకూ కానుగాకూ ఊడ్పించి చెత్తబండి ఎక్కించేదెవరు? శుభ్రతా కమిటీ కన్వీనర్ని నేనే.

లాల్చీలు లాండ్రీకి వెళ్లాయి. డ్రమ్ములో ఇంకా సగానికి పైనే ఉంది, వారంలోపు వాడేయాలట. దగ్గర్లో మీకేమైనా పొలముంటే చెప్పండి, ఆటో ఖర్చు నాదే.