అసలు యజమాని

2024 ఆగస్టు మొదట్లో ఫోర్ట్‌నైట్ గేమ్‌లో ఒక పొరపాటు జరిగింది. 2022 చివర్లో నడిచిన సీజన్లో డబ్బిచ్చి కొనే బ్యాటిల్ పాస్ ఉన్నవాళ్లకే దక్కిన పారడైమ్ అనే స్కిన్ (ఆటలో పాత్ర వేసుకునే రూపం) ఉన్నట్టుండి ఐటమ్ షాపులో అమ్మకానికి వచ్చేసింది. సీజన్ ముగిశాక ఇక దొరకదని చెప్పి ఇచ్చిన స్కిన్ అది. కంపెనీ చూసుకునేలోపే చాలామంది కొనేశారు. ముందేమో డబ్బు వాపసు ఇచ్చి స్కిన్ వెనక్కి తీసుకుంటామన్నారు. తర్వాత మాట మార్చి, కొన్నవాళ్లు ఉంచుకోవచ్చన్నారు. అప్పట్లో పాస్‌తో సంపాదించుకున్న పాతవాళ్లకు మాత్రం, వాళ్లకే ప్రత్యేకంగా ఇంకో కొత్త రూపం చేసి ఇస్తామన్నారు.

ఆ కొన్నవాళ్లలో మా అన్నయ్య చిన్నకొడుకు ఒకడు. పాతవాళ్లలో పెద్దకొడుకు ఒకడు.

వరలక్ష్మీ వ్రతానికి మేం విజయవాడ వెళ్లేసరికి అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. పెద్దవాడు బీటెక్ రెండో ఏడు, చిన్నవాడు పదో తరగతి. ఒకప్పుడు నేనూ రాత్రుళ్లు మేలుకుని ఇలాంటి గేములు ఆడినవాణ్ణే కాబట్టి తగవు నా దగ్గరికే వచ్చింది.

"బాబాయ్, నువ్వే చెప్పు" అంటూ పెద్దవాడు లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి లాకర్ తెరిచాడు. వరుసల కొద్దీ స్కిన్లు. ఒక్కొక్కదాని మీద కర్సర్ ఆపుతూ, ఏది ఏ సీజన్‌దో చెబుతూ పారడైమ్ దగ్గర ఆగాడు. "ఈ సీజన్‌లో లెవల్ వంద దాటింది బాబాయ్. లెవల్‌కి అయిదు స్టార్లిస్తాడు. ఆ స్టార్లు ఖర్చుపెట్టి పాస్‌లో ఒక్కో పేజీ తీసుకోవాలి. రోజూ కూర్చుంటే తప్ప చివరిదాకా రాదు. డిసెంబర్ మొదట్లో సీజన్ మూసేశాడు, అంతే, ఇక ఎవరికీ లేదు. ఇప్పుడు వీడు రెండు నిమిషాల్లో కొనేసుకుని, అదే వేసుకుని నా పక్కనే దిగుతున్నాడు. మరి కష్టపడినవాళ్ల గతేంటి?"

చిన్నవాడు తలొంచుకుని సోఫా అంచు గిల్లుతూ కూర్చున్నాడు. పుట్టినరోజుకి తాతయ్య ఇచ్చిన డబ్బులతో కొన్నాట్ట.

పెద్దవాడి కోపంలో న్యాయం ఉంది. ఇప్పుడు తప్ప దొరకదని చెప్పి అమ్మినదాన్ని మళ్లీ అమ్మకానికి పెడితే, ఆ మాట నమ్మి డబ్బూ టైమూ పెట్టినవాణ్ణి మోసం చేసినట్టే. అదే వాడితో అన్నాను. కానీ గడువు అనేదాని మీద నాకు ఎప్పటినుంచో ఉన్న అభ్యంతరం కూడా చెప్పాను. గడువు పెట్టిన బహుమతి ఎవడు బాగా ఆడతాడో తేల్చదు, ఆ రెండున్నర నెలలు ఎవడికి తీరిక ఉందో తేలుస్తుంది. పరీక్షలున్నవాడు, నైట్ షిఫ్టులు చేసేవాడు, జ్వరమొచ్చి మంచాన పడ్డవాడు, ఇంట్లో నెట్ లేనివాడు, వీళ్లలో ఒక్కడూ చేతకాక ఓడిపోలేదు. పైగా అదే పాస్‌లో ఒక్కో లెవల్‌ని 150 వీ-బక్స్ (ఆ గేమ్‌లో వాడే డబ్బు) పెట్టి కొనుక్కునే వీలు కూడా ఉండేది. రోజూ ఆడి వంద దాటినవాడూ, డబ్బు పెట్టి దాటినవాడూ చివరికి ఒకే స్కిన్ వేసుకుని దిగుతారు. చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

నేను ఆడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో మేజ్ టవర్ అని ఒకటుండేది. ఒంటరిగా నెగ్గాల్సిన సవాలు, ఎవరూ సాయం రారు. 2017లో మొదలైంది. నెగ్గితే ఆయుధానికి కొత్త రూపం వచ్చేది. 2018 జులైలో మూసేశారు. 2021 డిసెంబర్లో మళ్లీ తెరిచినప్పుడు ఒక మంచి పని చేశారు: పాత ఆయుధాల రూపాలు పాతవాళ్లకే వదిలేసి, కొత్తగా నెగ్గేవాళ్లకు వేరే బహుమతులు పెట్టారు. సవాలు మాత్రం నెగ్గే తీరాలి. నా మట్టుకు నాకు అది న్యాయానికి దగ్గరగా కనిపించింది. 2021లోనే వచ్చిన హేలో ఇన్ఫినిట్ అనే గేమ్ ఇంకో దారి పట్టింది. అందులో డబ్బిచ్చి కొన్న పాస్‌కి గడువే లేదు, తీరిక ఉన్నప్పుడు ఆడుకోవచ్చు. ఫోర్ట్‌నైట్ వాళ్లు కూడా సరిగ్గా మా వ్రతం రోజు, ఆగస్టు 16న మొదలైన సీజన్ నుంచి పద్ధతి మార్చుకున్నారు. ఇక మీదట పాస్‌లో ఇచ్చినవి, ఆ పాస్ ముగిసిన 18 నెలల తర్వాత ఎప్పుడైనా షాపులోకి రావచ్చని ముందే చెప్పేశారు. ముందే చెప్పాక కొనుక్కునేవాడు తెలిసే కొనుక్కుంటాడు, అందులో తప్పేమీ లేదు.

పెద్దవాడు ఒప్పుకోలేదు. "అవన్నీ కంపెనీ గొడవలు బాబాయ్. ఇది కష్టపడినవాళ్లకి గుర్తింపు. ఆడనివాడికి దాన్ని వేసుకునే హక్కు లేదు."

"సరేరా, ఇంతకీ ఆ సీజన్ ఎలా ఉండేది?" అని అడిగాను. నేను దాన్ని ఆడలేదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"బానే ఉండేది. క్రోమ్ సీజన్ అది" అని పెద్దవాడు ఆగాడు.

అప్పటిదాకా నోరెత్తని చిన్నవాడు అందుకున్నాడు. "దీవి మీద వెండి కరిగించి పోసినట్టు పాకుతూ వచ్చేది బాబాయ్. క్రోమ్ స్ప్లాష్ అని దొరికేది. గోడకేసి కొడితే గోడ మెత్తబడిపోయేది, అందులోంచి అవతలికి దూరిపోవచ్చు. మన మీదే పోసుకుంటే పరిగెత్తేటప్పుడు ముద్దలా అయి జారిపోతాం, అప్పుడు మంటలు కూడా ఏం చెయ్యవు. నేనైతే ఎప్పుడూ ఒకటి దాచుకునేవాణ్ణి, చివర్లో ముగ్గురో నలుగురో మిగిలినప్పటికి."

"నీ అకౌంట్ నిరుడు తెరిచిందే కదరా?" అన్నాను. వాడు వాళ్లన్నయ్య వైపు చూసి ఊరుకున్నాడు.

తాంబూలాల్లో శనగలు సర్దుతున్న వదిన తలెత్తింది. "ఏ ఏడాది సంగతి? ఇరవై రెండు దసరా అప్పటిదా? అప్పుడు పెద్దాడు ఇంటర్ సెకండియర్ కదా, హాస్టల్లో ఉన్నాడు. ఫోనే ఉండనిచ్చేవాళ్లు కాదు. దసరాకి నాలుగు రోజులు పంపిస్తే పుస్తకాలు వెంటబెట్టుకుని వచ్చాడు."

"ఊరుకో అమ్మా" అన్నాడు పెద్దవాడు.

"ఊరుకోవడానికేముందిరా, అన్నానికి మొహం వాచిపోయిన రోజులు. ఆదివారం ఆదివారం వార్డెన్ ఫోన్లోంచి చేసేవాడు. తిన్నావా నాన్నా అని నేను అడుగుతుంటే, తమ్ముడికివ్వమ్మా తమ్ముడికివ్వమ్మా అనేవాడు. ఒక్కరోజు కూడా మానకురా, డేట్ అయిపోతే మళ్లీ రాదు అని వాడికి ఒకటే చెప్పడం. ఈ పిచ్చి సన్నాసి స్కూలు నుంచి వస్తూనే బ్యాగ్ పడేసి టీవీ ముందు కూర్చునేవాడు. హోంవర్క్ చెయ్యరా అంటే, అన్నయ్య పాస్ వేస్టయిపోతుందమ్మా అనేవాడు. ఆ ఏడు వీడికి లెక్కల్లో మార్కులు తగ్గి మీ అన్నయ్య దగ్గర దెబ్బలు కూడా తిన్నాడు."

పెద్దవాడు లాప్‌టాప్ మూసేశాడు. "అయితే ఏంటి? అకౌంట్ నాది. పాస్ కొన్నది నేను" అని గదిలోకి వెళ్లిపోయాడు.

బీటెక్‌లో చేరి లాప్‌టాప్ కొనుక్కున్నాక వాడు పాస్‌వర్డ్ మార్చేసుకున్నాడని, చిన్నవాడు సున్నా నుంచి కొత్త అకౌంట్ మొదలుపెట్టాడని ఆ తర్వాత వదినే చెప్పింది. చిన్నవాణ్ణి అడిగాను, ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదురా అని.

"అన్నయ్య అడగలేదు కదా బాబాయ్" అన్నాడు.

ఆ సీజన్ మొత్తం ఆడినవాడు ఆ సీజన్ స్కిన్‌ని పుట్టినరోజు డబ్బులు పెట్టి కొనుక్కున్నాడు. పాతవాళ్లకని కంపెనీ ప్రత్యేకంగా ఇస్తామన్న కొత్త రూపం పెద్దవాడి అకౌంట్‌కి వస్తుంది.