మిత్తాక్షరి: ఇంటి లోను మీద రెండు పద్యాలకు టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన కొలిచెలమ వాడు, అంటే నేటి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన నియమం పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ నియమంలో మొదటి సగం పాటిస్తాడు. రెండో సగం అప్పులున్న ఇంట్లో సాగేది కాదు.

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. దాన్ని కేతన తెలుగు చేసి విజ్ఞానేశ్వరీయం అన్నాడు. మా వ్యాఖ్య అక్షరాల కంటే మిత్తి, అంటే వడ్డీ, ఎక్కువైన కాలంలో పుట్టింది గనుక మిత్తాక్షరి. వ్యవహారాలు పద్దెనిమిదని లెక్కపెట్టిన మనువు ఋణాదానాన్ని అన్నిటికంటే ముందు కూర్చోబెట్టాడు. దొంగతనం వంతు చాలా తర్వాత వస్తుంది. కాబట్టి విషయం అల్పమని ఎవరూ ఆక్షేపించరాదు.

సందర్భం: కరీంనగర్ జిల్లా చొప్పదండిలో ఒక గృహస్థు. ఒక ఉద్యోగం, ఎస్సారెస్పీ నీళ్లు పారే ఐదెకరాల పొలం. ఇంటి మీద బ్యాంకు లోను 15 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏండ్లు, నెల కిస్తు 13,017 రూపాయలు. బిడ్డ పెండ్లికి సేటు దగ్గర నోటు రాసి తెచ్చినవి 2 లక్షలు, మిత్తి నూటికి నెలకు రెండు రూపాలు. ఇవిగాక సహకార సంఘంలో పంట రుణం, ఎరువుల దుకాణంలో ఉద్దెర, ఊళ్లోనే నవోదయ ఉన్నా సీటు రాని కొడుకు చదువుకు గిర్వి పెట్టిన గొలుసు. వానకాలం, యాసంగి రెండు పంటల ఖర్చులు పోను చేతిలో 2 లక్షలు మిగిలిన రాత్రి నాయకుడు నాయికతో అంటున్నాడు.

మూలం 1 (ఆటవెలది)

ఇంటి కాగితమ్ము లినుపపెట్టెల నుండ
కంటి కెట్లు వచ్చు గాఢనిద్ర?
వడ్ల పైకమంత బ్యాంకుకే ముందిచ్చి
యిల్లు మనది చేతు నింక చూడు!

టీక

ఇంటి కాగితమ్ములు = రిజిస్ట్రీ దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, మున్సిపాలిటీ పర్మిషన్ మొదలైనవి; ఇనుపపెట్టెలన్ = బ్యాంకువాళ్ల పెట్టెలలో; ఉండన్ = ఉండగా; కంటికిన్ = ఒక కంటికి (రెండో కన్ను ఫోన్‌లో కిస్తు మెసేజి మీద ఉన్నది గనుక ఏకవచనం); గాఢనిద్ర = కలలో సైతం మేనేజరు కనిపించని నిద్ర; ఎట్లు వచ్చున్ = ఏ విధంగా వస్తుంది; వడ్ల పైకము అంత = ఐకేపీ సెంటర్‌లో తూకం వేసి, తరుగు తీసి, ఖాతాలో వేసిన సొమ్ము యావత్తు; బ్యాంకుకే = బ్యాంకుకు మాత్రమే (ఏవకారం చేత సేటుకు లేదని ధ్వని); ముందు ఇచ్చి = ఇంకెవరూ అడగకముందే కట్టి; ఇల్లు మనది చేతున్ = ఇంటిని సొంతం చేస్తాను; ఇంక చూడు = చూస్తూ ఊరుకో అని భావం.

తాత్పర్యం

"ఇంటి కాయితాలు బ్యాంకోల్ల దగ్గర పడున్నంక నాకు నిద్రెట్ల పడుతదే? ఈ వడ్ల పైసలన్నీ లోన్‌లనే కొడుత. ఇల్లు మనదైతది, సూడు."

పాఠాంతరం

నౌకరీదారులు మూడో పాదాన్ని "జీతమంత" అనీ, గల్ఫ్ కుటుంబాలు "దుబాయి పైకమంత" అనీ చదువుతారు. రెండూ ఛందస్సుకు ఒప్పవు. కిస్తుకు ఒప్పుతాయి.

దోషవిచారం

"ఇల్లు మనది చేతు" అన్నచోట పునరుక్తి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ప్రకారం దస్తావేజులు అప్పగించి అప్పు తెస్తే అది తనఖా మాత్రమే. యాజమాన్యం అప్పు చేసినవాడిదే. బాకీ తీర్చి ఆస్తి విడిపించుకొనే హక్కును 60వ సెక్షన్ ఇస్తున్నది. కిస్తులు తప్పనంత కాలం ఇల్లు ఇవాళ కూడా నాయకుడిదే. ఉన్నదాన్ని మళ్లీ చేస్తానంటున్నాడు. అయితే భయంలో ఉన్నవాడి పునరుక్తి దోషం కాదని ఆలంకారికులు క్షమిస్తారు.

పూర్వపక్షం

నాయకుడి మాటను భయమని కొట్టివేయరాదు. అతని పక్షాన లెక్క కూడా ఉంది. మొదటి కిస్తు 13,017లో 10,625 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలుకు చేరేది 2,392. ఇరవై ఏండ్లలో కట్టే వడ్డీ 16 లక్షలు దాటి అసలునే మించుతుంది. (వడ్డీ అసలును మించరాదన్న స్మృతి నియమం ఉన్నది కదా అంటే, అది ఒక్కసారిగా వసూలు చేసే వడ్డీకి, కిస్తు కిస్తుగా తీసుకొనేవాడికి ఆ హద్దు అడ్డం రాదు.) ఆరంభంలోనే 2 లక్షలు కట్టి, కిస్తు తగ్గించకుండా గడువు తగ్గించుకుంటే 240 నెలల లోను సుమారు 174 నెలల్లో తీరుతుంది. ఆదా అయ్యే వడ్డీ సుమారు 6.5 లక్షలు. పైగా మారే వడ్డీ మీద తెచ్చిన ఇంటి లోన్లను ముందే తీరిస్తే బ్యాంకులు జరిమానా వేయరాదని 2012 జూన్‌లోనే రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. ఇంత బలమైన పూర్వపక్షం శాస్త్రగ్రంథాల్లో కూడా అరుదు. అయినా నాయిక నవ్వి జవాబు చెబుతున్నది.

మూలం 2 (ఆటవెలది)

తొందరేమి లేదు దొర యనుచును నవ్వు
సేటు మిత్తి తినును చెదల వోలె
పెద్ద బాకి కాదు పెనుమిత్తి ముందయ్య!
బ్యాంకు పెట్టె నున్న పట్ట చెడదు.

టీక

తొందర ఏమి లేదు = నిదానంగా ఇయ్యి; దొర = ఓ ప్రభూ (అప్పున్నవాడిని దొర అని పిలిచేది అప్పిచ్చినవాడొక్కడే); అనుచును నవ్వు = అంటూ చిరునవ్వు నవ్వే; సేటు మిత్తి = నోటు మీద పైసలిచ్చినవాడి వడ్డీ (సేటుతనం వృత్తి, కులంతో పనిలేదు); చెదల వోలె తినును = చప్పుడు లేకుండా తింటుంది; పెద్ద బాకి కాదు = మొత్తం ఎక్కువైన అప్పు కాదు; పెనుమిత్తి = రేటు ఎక్కువైన అప్పే; ముందు = ముందు తీర్చదగినది; అయ్య = ఓ పెనిమిటీ; బ్యాంకు పెట్టెన్ ఉన్న పట్ట = ఇంటి దస్తావేజు (జనం నోట ఆస్తి కాగితమేదైనా పట్టాయే); చెడదు = ఎటూ పోదు.

తాత్పర్యం

"బ్యాంకోడు నెలనెల మెసేజి పెడుతడని నీకు గాయిన మీదనే భయం. సేటు సాయ తాగిపిచ్చి తొందరేం లేదంటడు. గా తొందర లేనోడే మనల తింటున్నడు. ముందుగాల్ల గాయినకు కట్టు. ఇంటి కాయితం యాడికి పోతది?"

అలంకారం

చెదల వోలె అన్నందున ఉపమ. మిత్తి ఉపమేయం, చెద ఉపమానం, తినడం సమానధర్మం. గుంభనంగా తినడం అదనపు ధర్మం, అది వ్యంగ్యం.

సిద్ధాంతం

నూటికి నెలకు రెండు రూపాలంటే చెవికి చిన్నది. ఏడాదికి 24 శాతం. ఇదే సేటు లౌక్యం: బ్యాంకు ఏడాది లెక్క చెప్పి భయపెడుతుంది, సేటు నెల లెక్క చెప్పి జోకొడతాడు. 2 లక్షలు బ్యాంకులో కడితే మొదటి ఏడు ఆగే వడ్డీ 17,000. అదే పైకం సేటుకిస్తే ఆగేది 48,000.

మరి పూర్వపక్షంలోని 66 నెలల లాభం సంగతేమిటి? నాయిక లెక్క ఇలా ఉంది. నాయకుడి దారిలో నెలకు బ్యాంకు కిస్తు 13,017, సేటు మిత్తి 4,000, మొత్తం 17,017 పోతుంది. 174 నెలలకు ఇంటి లోను తీరినా సేటు అసలు 2 లక్షలు అట్లే కూర్చొని ఉంటుంది. నాయిక దారిలో సేటు బాకీ ఇవాళే తీరుతుంది. ఇన్నాళ్లూ ఆయనకు పోయిన 4,000 నెలనెలా ఇంటి లోనుకు కలుపుతుంది. జేబులోంచి పోయేది అదే 17,017. వడ్డీ రేటు మారదనుకుంటే లోను సుమారు 139 నెలల్లో తీరుతుంది. ఇంటి కాగితాలు 35 నెలలు ముందే చేతికొస్తాయి, సేటు బాకీ కూడా ఉండదు. అంటే ఇల్లు తొందరగా విడిపించాలన్న నాయకుడి కోరిక నాయిక చెప్పిన వరుసలోనే తొందరగా తీరుతుంది. ఇద్దరి గమ్యం ఒక్కటే, ఆమె దారి దగ్గరిది.

నియమం ఒకటుంది: ఆ 4,000 నిజంగా లోనుకు చేరాలి. టీవీకో బైకుకో చేరితే ఈ సిద్ధాంతం చెల్లదు. వ్యాఖ్యాత బాధ్యుడు కాడు.

శంకా సమాధానాలు

శంక: సేటు వద్ద మిత్తి కట్టకుండా ఆపితే?
సమాధానం: నోటు మీద దావా వేయడానికి మూడేండ్ల గడువు. అది తీరకముందే సేటు కొత్త నోటు రాయించుకుంటాడు, పాత మిత్తిని అసలులో కలుపుతాడు. 2 లక్షలకు మూడేండ్ల మిత్తి 1,44,000. కొత్త నోటు 3,44,000 మీద మొదలవుతుంది. మిత్తి అసలుగా మారే ఈ పరకాయప్రవేశం సేటు నవ్వుతూ టీ తెప్పించిన రోజే జరుగుతుంది.

శంక: పంట రుణం?
సమాధానం: 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను పడేది 4. ముందుగా తీర్చడంలో లాభం లేదు, గడువు దాటించడంలో నష్టం ఉంది. తారీఖుకు కట్టి మళ్లీ తెచ్చుకోవాలి.

శంక: ఉద్దెర?
సమాధానం: ఉద్దెరకిచ్చే బస్తా ధర, నగదు బస్తా ధర ఒకటైతే మిత్తి లేదు. తేడా ఉంటే ఆ తేడాను నగదు ధరతోనూ నెలలతోనూ భాగించి చూడాలి. గిర్వి గొలుసుకైనా ఇదే సూత్రం: రేటు చూసి వరుసలో నిలబెట్టాలి.

శంక: ఉన్న పైకమంతా ఒకరికే కట్టవచ్చునా?
సమాధానం: "అంత" అన్న పదమే మొదటి పద్యంలో ప్రమాదకరమైనది. ఓవర్‌డ్రాఫ్టు లోను కాకపోతే బ్యాంకులో కట్టిన ముందస్తు పైకం తిరిగి రాదు. ఆసుపత్రి ఖర్చొస్తే మళ్లీ 24 శాతానికే పోవాలి. కొంత చేతిలో ఉంచుకొని కట్టాలి.

మతాంతరాలు

ఇజ్జతు మతం వారు ఎవరు వాకిట్లోకి వచ్చి అడిగితే వారికి ముందు కట్టమంటారు. ఈ మతంలో గొంతు పెద్దదైన అప్పు ముందు తీరుతుంది, మెత్తగా మాట్లాడే అప్పు పెరుగుతుంది. మాఫీ మతం వారు ఏదీ కట్టవద్దంటారు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన 2 లక్షల మాఫీ పంట రుణాలకే గాని ఇంటి లోన్లకూ సేటు నోట్లకూ కాదు. కనుక ఈ మతానికి ఇక్కడ ప్రమాణం లేదు.

నాలుగో పాదం మీద విశేషం

పట్ట చెడదు అనడానికి ఆధారం ఉన్నది. 2023 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం అదే ఏడు డిసెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 చొప్పున పరిహారమివ్వాలి. కాగితం పోతే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా బ్యాంకుదే. సేటు గల్లాపెట్టెలోని నోటుకు ఇట్లాంటి ఆదేశమేదీ లేదు. బాకీ తీరినా నోటు ఆయన దగ్గరే ఉంటే రేపు కోర్టులో అదే సాక్షి. నాయకుడు కాగితం కోసం నిద్ర మానుకోవడం న్యాయమే. మానుకోవలసింది ఈ రెండో కాగితం కోసం.

ఫలశ్రుతి

ఈ రెండు పద్యాలను వడ్ల పైకం ఖాతాలో పడిన నాడు, బాకీలన్నీ ఏడాది రేట్లతో ఒక కాగితం మీద రాసుకొని, దంపతులిద్దరూ కూర్చొని చదవాలి. సేటుకు కట్టేటప్పుడు ఒక చేత్తో పైసలిచ్చి రెండో చేత్తో నోటు తీసుకున్నవారికీ, లోను తీరినాక దస్తావేజులతో ఊరుకోక ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) తనఖా తొలగిందో లేదో చూసుకున్నవారికీ ఋణవిముక్తి కలుగుతుంది. "నోటు యాడనో ఉంది, రేపిస్త" అన్న సేటుకు "తొందరేం లేదు సేటూ, దొరికినంకనే పైసలిస్తం" అని జవాబు చెప్పినవారికి ఇహంలోనే కలుగుతుంది.