యాళి కాలు గీకిన తనకల్లు అబ్బికి బహిరంగ లేఖ

అబ్బీ,

లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో యాళి ముందరి కాలి మీద బండి తాళంచెవితో నీ పేరు గీకినావు. పక్కన కూడిక గుర్తు, దాని పక్కన ఒక ఆడపిల్ల పేరు. అంతటితో ఊరుకున్నావా? కింద 'తనకల్లు' అని కూడా గీకినావు. నీ పేరు ఇక్కడ రాయను. ఊరు నాది కూడా కాబట్టి నిన్ను అడుగుతున్నా.

విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్నప్పుడు, 1530ల్లో, పెనుకొండలో కోశాధికారిగా ఉన్న విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన గుడి అది. యాళి ఏ అడవిలోనూ తిరగలేదు. సింహానికి ఏనుగును కూడి శిల్పి దాన్ని పుట్టించినాడు. సింహం ఎక్కడ అయిపోయి ఏనుగు ఎక్కడ మొదలైందో అతుకు కనపడదు. నువ్వు చేసిందీ కూడికే. మరి ఆ పిల్లను అడిగే రాసినావా? వచ్చేపోయేవాళ్లంతా ఆమె పేరు చదువుతున్నారప్పా.

రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం, 2010 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మన పక్క శెనక్కాయ వేసి లక్ష మిగిల్చుకున్నోణ్ని ఒకణ్ని చూపించు! 2022లో ఈ గుడి యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కింది. ఎక్కడెక్కడి వాళ్లో చూసేందుకు వస్తే, మన ఊరి పేరు వాళ్లకు నీ గీతల్లోనా కనపడాల్సింది?

వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, ఫోటో దిగి, గుడంతా చూసేసినాం అనుకునే రకం నువ్వు. అదే గుడిలో ఒకే ఒంటికి మూడు తలలున్న ఎద్దు ఉంది, చూసినావా? ఒక్కో తల ఒక్కో పక్కకు తిరిగి ఉంటుంది. ఎడంగా నిలబడి, అరచెయ్యి కంటికి అడ్డం పెట్టుకొని రెండు తలలు మూసి చూడు. మిగిలిన తలతో నిండైన ఎద్దు కనిపిస్తుంది. చెయ్యి జరిపితే ఇంకో ఎద్దు. రాయిని తాకే పనే లేదు.

నీ గీతలు చెరపాలని ఉప్పుకాగితమో యాసిడో పట్టుకొని పోయేవు, రాయి ఇంకా చెడుతుంది. అక్కడి పురావస్తు శాఖ సిబ్బందికి ఎక్కడ గీకినావో చూపించు. తిడితే పడు. ఆ పిల్లకు క్షమాపణ చెప్పు. ఈ రెండూ చేస్తే, మనోడు తప్పు దిద్దుకున్నాడని ఊళ్లో నేనే చెప్తా.

ఇట్లు,
నీ ఊరోడే